సూదంటురాయీ, మధుమేహమూ

మా పెదనాన్నగారు పోయిన ఏడాదికి ఆయన బీరువా సర్దుతుంటే అడుగు అరలో ఒక జత మెత్తలు కనిపించాయి. బూట్లలో, చెప్పుల్లో పరుచుకునేవి. నల్లటి రబ్బరు మీద వరుసగా చిన్న చిన్న బిళ్ళలు పొదిగి ఉన్నాయి. అదే అరలో ఉన్న పెద్దమ్మ కుట్టుపెట్టె మూత ఎప్పుడో ఊడినట్టుంది, రెండు సూదులు వచ్చి ఆ బిళ్ళలకు అతుక్కుని ఉన్నాయి. సూదులను లాగి పెట్టెలో వేశాను గానీ మెత్తలను మాత్రం పారేయలేకపోయాను.

ఆయన హైస్కూల్లో సైన్సు మాష్టారుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. కాగితం కింద అయస్కాంతం పెట్టి, పైన ఇనుప రజను చల్లి, ఆ రజను గీతలుగా సర్దుకోవడాన్ని మాకు మొదట చూపించింది ఆయనే. 2005 చివర్లో వాళ్ళ ఊరి కల్యాణమండపంలో ఒక సభ జరిగింది. అయస్కాంతాల పరుపు, నీళ్ళ కూజా, ఈ మెత్తలు అక్కడే కొన్నారు. రెండు నెలల పింఛను అయింది. నేను కాస్త నొసలు చిట్లిస్తే, "రక్తంలో ఇనుముంది కదరా! అయస్కాంతం దాని మీద పనిచేయదంటావా?" అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. ఆయన అడిగిన ప్రశ్న నిజంగా మంచి ప్రశ్న. తర్వాత జరిగింది చివర్లో చెబుతాను. ముందు ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చదివిన చరిత్రను మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

*

అయస్కాంతం అంటే అయస్సుకు, అనగా ఇనుముకు, ప్రియమైనది. సంస్కృతం దాన్ని ప్రేమగా ఊహించింది. మన తెలుగు మాట సూదంటురాయి. సూది అంటుకునే రాయి. ఇందులో కవిత్వం లేదు, కంటితో చూసిన సంగతి మాత్రమే ఉంది. ఈ మాటను కాస్త గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని పడుతుంది.

చిత్రమేమిటంటే అయస్కాంతమూ, మధుమేహమూ రెండూ ఒకే ప్రాచీన గ్రంథంలో కనిపిస్తాయి. అది సుశ్రుతసంహిత. దాని సూత్రస్థానం 27వ అధ్యాయం, శరీరంలో గుచ్చుకున్న శల్యాలను, అంటే బాణపు ములుకుల వంటి వాటిని, బయటికి తీసే పదిహేను ఉపాయాలను చెబుతుంది. అయస్కాంతం వాటిలో ఒకటి. అదైనా ఎప్పుడు పడితే అప్పుడు కాదు. ములుకు లోపల గట్టిగా పాతుకొని ఉండకూడదు, దానికి పక్క కొక్కేలు ఉండకూడదు, గాయం నోరు వెడల్పుగా ఉండాలి. అంటే అయస్కాంతం ఏం చేయగలదో, ఏ హద్దు దాటితే చేయలేదో తెలిసిన శస్త్రవైద్యుడి మాట అది.

ఇక ప్రమేహం గురించి. చరకుడు రోగి మూత్రానికి చీమలు చేరడాన్ని గమనించాడు. సుశ్రుతుడు ఈ జబ్బును రెండు రకాలుగా విడదీశాడు. ఒకటి పుట్టుకతో వచ్చేది, రెండోది అపథ్యం వల్ల వచ్చేది. మొదటి రకం రోగి బక్కగా ఉంటాడని, రెండో రకం రోగి లావుగా ఉంటాడని కూడా రాశాడు. చికిత్సాస్థానం 11వ అధ్యాయంలో రెండో రకం వాళ్ళకు వ్యాయామం విధించాడు. అక్కడే డబ్బు లేని రోగి ఏం చేయాలో కూడా ఉంది. చెప్పులూ గొడుగూ లేకుండా, భిక్షాన్నం తింటూ, మునిలాగా నూరు యోజనాలు నడవాలట. లేదా ఆవుల వెంట తిరగాలి. లేదా బావి తవ్వాలి.

బాణం దిగినవాడికి అయస్కాంతం, మధుమేహికి నడక. రెండూ తెలిసిన వైద్యుడు ఒకదాన్ని తెచ్చి రెండోదానికి అంటగట్టలేదు. సుశ్రుతుడు చెప్పినదంతా నేటి పరీక్షకు నిలుస్తుందని నేను అనను. పుండ్లు పడే పాదాలున్న మధుమేహిని ఉత్తకాళ్ళతో నడవమని ఇవాళ ఏ వైద్యుడూ చెప్పడు. కానీ అయస్కాంత వైద్యం వేల ఏళ్ళనాటి మన విద్య అని చెప్పేవాళ్ళు సుశ్రుతుడి పేరు ఎత్తితే, ఆయన దాన్ని దేనికి వాడాడో కూడా చెప్పాలి.

*

ఈ రెండింటికీ ముడి పడటానికి ముందు అయస్కాంతం ఐరోపాలో చాలా దూరం ప్రయాణించింది. 16వ శతాబ్దంలో పారసెల్సస్ అనే వైద్యుడు, ఇనుమును లాగే రాయి శరీరంలోంచి రోగాన్నీ లాగుతుందని నమ్మాడు. ఉపమానంగా అందమైనదే. రోగం ఇనుము కాదన్న చిన్న ఇబ్బంది తప్పితే.

1600లో విలియం గిల్బర్ట్ అయస్కాంతం మీద ఒక ఉద్గ్రంథం ప్రచురించాడు. ఆయన ఎలిజబెత్ రాణికి వైద్యుడు కూడా. భూమే ఒక పెద్ద అయస్కాంతం అని చెప్పింది ఈయనే. అంతకంటే నాకు నచ్చింది ఆయన వెల్లుల్లి పరీక్ష. అయస్కాంతానికి వెల్లుల్లి రాస్తే దాని శక్తి పోతుందని శతాబ్దాలుగా పండితులు పుస్తకాల్లో రాసుకుంటూ వచ్చారు. గిల్బర్ట్ రాసి చూశాడు. ఏమీ పోలేదు! ఒక వంటింటి సరుకుతో తేలిపోయే సంగతిని అన్ని వందల ఏళ్ళు ఎందరో పరీక్షించకుండానే నమ్మారు.

1774లో వియన్నా నగరంలో ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్ అనే వైద్యుడు, మూర్ఛలతో, నొప్పులతో బాధపడుతున్న ఒక యువతి ఒంటి మీద ఉక్కు అయస్కాంతాలను ఉంచి వైద్యం చేశాడు. వాటిని చేయించి ఇచ్చింది మాక్సిమిలియన్ హెల్ అనే మతాచార్యుడు, ఖగోళ శాస్త్రవేత్త. ఆమెకు నిమ్మళించింది. కొంతకాలానికి మెస్మర్, అయస్కాంతాలు లేకపోయినా తన చేతి కదలికతోనే అదే ఫలితం వస్తున్నదని గమనించాడు. ఇంకొకరైతే 'అయస్కాంతం వల్ల కాదన్నమాట' అనుకొని ఆగిపోయేవారు. మెస్మర్ మాత్రం, తనలోనే ఒక అయస్కాంత ద్రవం ప్రవహిస్తున్నదని తేల్చుకున్నాడు. దానికి 'జంతు అయస్కాంతత్వం' అని పేరు పెట్టి 1778లో పారిస్ చేరాడు. అక్కడ చెక్క తొట్టె చుట్టూ రోగులను కూర్చోబెట్టి, తొట్టెలోంచి బయటికి వచ్చిన ఇనుప కడ్డీలను నొప్పి ఉన్న చోట ఆనించుకొమ్మనేవాడు. పారిస్ ప్రముఖులు బారులు తీరారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో మాథ్యూ డాబ్సన్ అనే వైద్యుడు, చూడటానికి ఏమాత్రం ఆకర్షణ లేని పని ఒకటి చేశాడు. మధుమేహ రోగి మూత్రాన్ని మరిగించి ఆవిరి చేశాడు. అడుగున తెల్లటి ముద్ద మిగిలింది. రుచి చూస్తే చక్కెర. అంతటితో ఆగక, రోగి రక్తం నుంచి తీసిన ద్రవంలోనూ తీపి ఉందని గమనించాడు. అంటే ఈ చక్కెర మూత్రపిండాల్లో పుట్టింది కాదు, రక్తంలోనే ఉన్నది. 1776లో ఈ సంగతిని ప్రచురించాడు. వియన్నాలో అయస్కాంతం, లివర్‌పూల్‌లో చక్కెర, మధ్య రెండేళ్ళ తేడా. మెస్మర్ పేరు ఇంగ్లీషు భాషలో ఒక క్రియాపదమైంది. డాబ్సన్ పేరు మనలో ఎందరికి తెలుసు?

*

1784లో పదహారో లూయీ ఈ వ్యవహారాన్ని తేల్చమని ఒక సంఘాన్ని నియమించాడు. అమెరికా రాయబారిగా పారిస్‌లో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లవాజియే, ఖగోళవేత్త బైయీ, వైద్యుడు గియ్యొటీన్ అందులో సభ్యులు. (ఆ తర్వాత పదేళ్ళలోపే బైయీ, లవాజియే ఇద్దరి తలలూ గియ్యొటీన్ పేరుతోనే పిలిచే యంత్రం కింద తెగిపడ్డాయి. చరిత్రకు ఇలాంటి పాడు హాస్యం అలవాటే.)

మెస్మర్ సహకరించలేదు. ఆయన శిష్యుడు దెస్లోన్ ముందుకొచ్చాడు. ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో ఒక చెట్టుకు దెస్లోన్ తన 'అయస్కాంత ద్రవం' పట్టించాడు. ఆ చెట్టును తాకినవారికి మూర్ఛ రావాలి. పన్నెండేళ్ళ కుర్రవాణ్ణి కళ్ళకు గంతలు కట్టి తెచ్చారు. ఒక్కో చెట్టునూ కౌగిలించుకొమ్మన్నారు. మొదటి చెట్టు దగ్గర చెమట పట్టింది. రెండో చెట్టు దగ్గర తలనొప్పి. మూడో చెట్టు దగ్గర, ఇంక దగ్గరికొచ్చేశాను అన్నాడు. నాలుగో చెట్టు దగ్గర స్పృహ తప్పి పడిపోయాడు. ఆ నాలుగింటిలో ఏదీ దెస్లోన్ పట్టించిన చెట్టు కాదు.

లవాజియే ఇంట్లో మరో పరీక్ష. మామూలు నీళ్ళు కప్పుల్లో ఒకదాని తర్వాత ఒకటి ఇస్తుంటే, నాలుగో కప్పు దగ్గరికి వచ్చేసరికి ఒక స్త్రీకి మూర్ఛ వచ్చింది. తేరుకున్నాక దాహం అంటే నిజంగా 'అయస్కాంతం పట్టించిన' నీళ్ళే ఇచ్చారు. ప్రశాంతంగా తాగింది.

సంఘం తేల్చింది ఇది: ఊహ ఉంటే అయస్కాంతం లేకపోయినా ఫలితం వస్తుంది, ఊహ లేకపోతే అయస్కాంతం ఉన్నా ఫలితం రాదు. వారి నివేదికలో మరో వివేకం కూడా ఉంది. రోగం నయమైందన్న మాటను వారు సాక్ష్యంగా తీసుకోలేదు. చాలా రోగాలు వాటంతట అవే తగ్గుతాయి కనుక. తగ్గడం వేరు, తగ్గించడం వేరు. నేడు కొత్త మందును పరీక్షించేటప్పుడు రోగికీ, వైద్యుడికీ కూడా ఏది అసలు మందో, ఏది ఉత్తుత్తి మందో తెలియనివ్వరు. ఆ పద్ధతికి మూలం వెతుక్కుంటూ పోతే, ఫ్రాంక్లిన్ తోటలో ఆ కుర్రవాడి కళ్ళకు కట్టిన గంతల దగ్గరికే చేరతాం. అయస్కాంత వైద్యం వైద్యశాస్త్రానికి చేసిన మేలు ఏదైనా ఉందంటే ఇదే, తనను పరీక్షించడానికి ఒక పనిముట్టు తయారయ్యేలా చేయడం.

ఆ పనిముట్టు 1799లో మళ్ళీ పనికొచ్చింది. అమెరికాకు చెందిన ఎలైషా పెర్కిన్స్ లోహపు పుల్లలతో ఒళ్ళు దువ్వి నొప్పులు తగ్గిస్తానని 1796లో పేటెంటు సంపాదించాడు. ఇంగ్లండులోని బాత్ పట్టణంలో జాన్ హేగార్త్ అనే వైద్యుడు చెక్కతో చేసిన పుల్లలకు లోహం రంగు వేసి దువ్వాడు. అయిదుగురు రోగుల్లో నలుగురికి నొప్పి తగ్గింది!

అయితే దీన్ని వెక్కిరింతగా తీసుకోకూడదు. ఆ నలుగురికీ నొప్పి నిజంగానే తగ్గింది. బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే వైద్యుడు 1845 నుంచి మెస్మర్ పద్ధతిలో రోగులను మైమరపింపజేసి పెద్ద పెద్ద కణితులు కోసి తీశాడు. మరుసటి సంవత్సరం కలకత్తాలో ఆయనకు ప్రయోగాత్మకంగా ఒక ఆసుపత్రి కూడా ఇచ్చారు. ఈథరు, క్లోరోఫాం వచ్చాక ఆ పద్ధతి వెనకబడింది. ఇక్కడ గ్రహించవలసింది ఒకటుంది. నొప్పి అనేది మనసు గుండా ప్రయాణించేది. మనసు దాన్ని పెంచగలదు, తగ్గించగలదు. నమ్మకానికి అక్కడ నిజమైన అధికారం ఉంది.

మరి చక్కెర మీద ఉందా?

*

1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే ఇద్దరు ఒక కుక్క క్లోమాన్ని తీసివేస్తే దానికి మధుమేహం వచ్చింది. జబ్బు చిరునామా దొరికింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ క్లోమ సారం మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. 1922 జనవరి 11న లెనార్డ్ థామ్సన్ అనే పధ్నాలుగేళ్ళ బాలుడికి మొదటి సూది వేశారు. సరిగా పనిచేయలేదు. కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని శుద్ధి చేశాక జనవరి 23న మళ్ళీ వేశారు. చక్కెర పడిపోయింది. అప్పటిదాకా ఆ రకం మధుమేహం వచ్చిన పిల్లలకు ఉన్న ఒకే చికిత్స దాదాపు పస్తులుంచడం. అది బతుకును కొన్నాళ్ళు సాగదీసేది, అంతే.

ఆ సూదిని నమ్మనవసరం లేదు. స్పృహ లేని పిల్లవాడికి వేసినా పనిచేస్తుంది. పెదనాన్నగారి ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను గ్రహించిన మొదటి సంగతి ఇదే. మధుమేహం అనుభూతి జబ్బు కాదు, లెక్క జబ్బు. రక్తంలో చక్కెర రెండింతలున్నా చాలామందికి ఏమీ తెలియదు. 'ఒంట్లో బాగానే ఉంది' అన్న మాటకు ఈ జబ్బులో విలువ తక్కువ. అయస్కాంతం చరిత్ర అంతా 'ఒంట్లో ఎలా ఉంది' అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. మధుమేహం చరిత్ర డాబ్సన్ ఆవిరి గిన్నె మొదలు నేటి మూడు నెలల సగటు పరీక్ష దాకా 'ఎంత ఉంది' అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. ఈ రెండు చరిత్రలనూ ఒక పరుపు మీదికి తెచ్చింది విజ్ఞానం కాదు, అంగడి.

అయస్కాంతాలు మన దేశంలోని వైద్య పుస్తకాల్లోకి రావడానికి హోమియోపతి ఒక దారి. ఆ వైద్య స్థాపకుడు హానిమన్ తన ఔషధ గ్రంథంలో అయస్కాంతపు రెండు ధ్రువాలనూ మందులుగా చేర్చాడు. 1974లో అమెరికాలో డేవిస్, రాల్స్ అనే ఇద్దరు జీవుల మీద అయస్కాంతాల ప్రభావం గురించి పుస్తకం రాసి, ఉత్తర ధ్రువానికి ఒక గుణం, దక్షిణ ధ్రువానికి మరొక గుణం అంటగట్టారు. నా చిన్నతనంలో పాత పుస్తకాల కొట్లలో హోమియో, ప్రకృతి చికిత్స పుస్తకాల పక్కనే అయస్కాంత చికిత్స పుస్తకాలూ ఉండేవి. ఏ జబ్బుకు ఏ ధ్రువం, ఏ అరచేతి కింద, ఎన్ని నిమిషాలు అన్న పట్టికలతో. మధుమేహం ఆ పట్టికల్లో తప్పక ఉండేది. ఎవరి రక్తంలో ఎంత చక్కెర తగ్గిందో, అయస్కాంతం లేనివారితో పోల్చి చూశారో లేదో మాత్రం ఉండేది కాదు.

మన చట్టం ఈ విషయంలో చాలా ముందే మేలుకుంది. ఔషధాలు, ఇంద్రజాల చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం 1954లో వచ్చింది. ఫలానా జబ్బులను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని అందులో ఒక జాబితా ఉంది. మధుమేహం ఆ జాబితాలో ఉంది. తాయెత్తులు, మంత్రాలు, కవచాలు 'ఇంద్రజాల చికిత్స' నిర్వచనంలో ఉన్నాయి. కానీ చట్టం ఆపగలిగేది ప్రకటననే. కల్యాణమండపంలో పక్క కుర్చీలో కూర్చున్న బంధువు చెవిలో చెప్పే మాటను ఏ చట్టం ఆపుతుంది?

*

ఇక రక్తంలో ఇనుము సంగతి.

పెద్దవారి ఒంట్లో మొత్తం కలిపి సుమారు 3, 4 గ్రాముల ఇనుము ఉంటుంది. అందులో ఎక్కువ భాగం హిమోగ్లోబిన్‌లో ఉంది. కానీ అది మేకులో ఉన్న ఇనుము వంటిది కాదు. మేకులో కోటానుకోట్ల ఇనుప పరమాణువులు పక్కపక్కన ఒకే దిక్కుకు తలతిప్పి నిలబడగలవు. అందుకే అయస్కాంతానికి అతుక్కుంటుంది. హిమోగ్లోబిన్‌లో ప్రతి ఇనుప పరమాణువూ ఒక పెద్ద అణువు నడుమ ఒంటరిగా బందీగా ఉంటుంది. 1936లో లైనస్ పౌలింగ్, కొరియెల్ కలిసి దీన్ని కొలిచారు. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్‌ను అయస్కాంతం అతి స్వల్పంగా ఆకర్షిస్తుంది. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను ఆకర్షించదు సరికదా, ఇంకా స్వల్పంగా వికర్షిస్తుంది!

బలం సంగతి కూడా చూద్దాం. కింద చెప్పబోయే అమెరికా పరీక్షలో వాడిన మెత్తల బలం 450 గాస్. ఆసుపత్రుల్లో ఎమ్మారై యంత్రం మామూలుగా 1.5 టెస్లా, అంటే 15,000 గాస్. ముప్పై రెట్ల పైమాటే. ఆ సొరంగంలో అరగంట పడుకొని వచ్చిన మధుమేహులు ఎందరో ఉన్నారు. వారి చక్కెర నయమై బయటికి రాలేదు. పైగా చిన్న అయస్కాంతాల బలం దూరంతో పాటు గబగబా తగ్గిపోతుంది. క్లోమం ఉన్నది జీర్ణాశయం వెనక, కడుపు లోతుల్లో.

నాడు ఈ నాలుగు మాటలూ పెదనాన్నగారితో చెప్పగలిగి ఉంటే ఆయన తప్పకుండా వినేవారు. పాఠం అర్థమైతే ఒప్పుకునే మనిషి.

*

అయస్కాంతం పక్షాన ఉన్న సాక్ష్యాన్ని దాచకుండా చెప్పాలి. 2003లో అమెరికాలో ఒక పెద్ద పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. మధుమేహం వల్ల పాదాల నరాలు దెబ్బతిని మంటలు, తిమ్మిర్లతో బాధపడుతున్న 375 మందిని తీసుకున్నారు. కొందరికి అయస్కాంతపు మెత్తలు, కొందరికి అచ్చం అలాంటివే అయస్కాంతం లేనివి ఇచ్చి నాలుగు నెలలు ధరింపజేశారు. మూడు, నాలుగు నెలల్లో అయస్కాంతం ఉన్నవారికి మంట, తిమ్మిరి, నడిచినప్పటి నొప్పి మరికొంత ఎక్కువగా తగ్గాయని తేలింది. పెదనాన్నగారి కల్యాణమండపంలో వినిపించిన 'అమెరికా పరిశోధన' ఇలాంటిదే అయి ఉండాలి. కానీ అది కొలిచింది పాదాల బాధను. చక్కెర తగ్గిందని అది చెప్పలేదు.

మరో చిక్కు. మందు బిళ్ళను గంతలు కట్టి ఇవ్వవచ్చు. అయస్కాంతాన్ని ఎలా ఇవ్వడం? అదుగో, మన తెలుగు మాట మళ్ళీ పనికొచ్చేది ఇక్కడే. ఇంట్లో ఒక సూది ఉంటే చాలు, తనది అసలుదో ఉత్తుత్తిదో ఏ రోగికైనా క్షణంలో తెలిసిపోతుంది. సూదంటురాయి రహస్యం దాచుకోలేదు. నాలుగు నెలల పాటు ఇంట్లో ఉన్న మెత్తలను ఎవరు పరీక్షించారో, ఎవరు పరీక్షించలేదో చెప్పడం ఎంత కష్టం!

అదే 2003లో మడమ నొప్పి ఉన్న 101 మంది మీద జరిగిన మరో పరీక్షలో అయస్కాంతపు మెత్తలకూ ఉత్తుత్తి మెత్తలకూ తేడా కనిపించలేదు. 2007లో కెనడా వైద్య పత్రికలో, నొప్పి మీద అయస్కాంతాల పరీక్షలను గుదిగుచ్చి విశ్లేషిస్తే, నొప్పి తగ్గించడానికి వాటిని సిఫారసు చేసేంత ఆధారం లేదని తేలింది. 2020లో అయోవా విశ్వవిద్యాలయం వారు, స్థిర అయస్కాంత క్షేత్రాన్నీ విద్యుత్ క్షేత్రాన్నీ కలిపి ప్రయోగిస్తే మధుమేహం ఉన్న ఎలుకల్లో చక్కెర తగ్గిందని ప్రచురించారు. ఆసక్తికరమైన సంగతే, తలుపు మూసేయనక్కరలేదు. కానీ అవి ఎలుకలు, అది ప్రయోగశాల, అక్కడున్నవి రెండు క్షేత్రాలు. మన పరుపు అమ్మేవాడి దగ్గర ఉన్నది అది కాదు.

*

ఇక చివర చెబుతానన్న సంగతి.

మెత్తలు వేసుకున్న మూడు నెలలకు పెదనాన్నగారికి అరికాళ్ళ మంట తగ్గింది. నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు. "మంట లేదురా అబ్బాయ్. రాత్రి దుప్పటి తగిలితే ఓర్చుకోలేకపోయేవాణ్ణి, ఇప్పుడు హాయిగా నిద్ర పడుతోంది" అన్నారు. ఆ గొంతులో సంతోషం విన్నాక నాకు ఎదురు చెప్ప బుద్ధి కాలేదు. మంట తగ్గింది గనక జబ్బు తగ్గుతున్నదనుకున్నారు. మాత్రలు రెండు పూటల నుంచి ఒక పూటకు, ఆ తర్వాత ఎప్పుడైనా ఒకసారికి వచ్చాయి. రక్త పరీక్ష మానేశారు.

మాకు ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. మధుమేహంలో పాదాల మంట రెండు రకాలుగా తగ్గుతుంది. నరం కుదుటపడితే తగ్గుతుంది. నరం చచ్చిపోయినా తగ్గుతుంది. రోగికి రెండూ ఒకేలా ఉంటాయి, హాయిగా.

2007 ఎండాకాలంలో పెద్దమ్మ గదిలో ఏదో వాసన వస్తోందని వెతికితే అది ఆయన కుడికాలి బొటనవేలి దగ్గర తేలింది. చెప్పులోకి చొచ్చుకొచ్చిన మేకు ఒకటి ఎన్నాళ్ళుగానో గుచ్చుతూ ఉంది. ఆయనకు తెలియలేదు. బొటనవేలూ, పక్క వేలూ తీసేశారు. ఆసుపత్రిలో ఆయన నాతో ఒకే మాట అన్నారు. "సూదంటురాయి మీద నడిచాను గానీ, గుచ్చుకున్న మేకును మాత్రం తెలుసుకోలేకపోయాను చూడు." మాష్టారు కదా, నొప్పిలోనూ ఉదాహరణ వెతుక్కున్నారు. తర్వాత ఏడేళ్ళు బతికారు, మాత్రలు వేసుకుంటూ, రోజూ రాత్రి అద్దం పెట్టుకొని అరికాళ్ళు చూసుకుంటూ.

మెత్తలే ఆయన వేళ్ళు తీశాయని నేను అనను. ఆ పని చేసింది చక్కెర. మెత్తలు చేసింది, చూడవలసిన వైపు నుంచి ఆయన చూపు మళ్ళించడం. 'మామూలు మందులతో పాటు ఇదీ' అని మొదలైనది 'మామూలు మందులకు బదులు ఇది'గా మారడానికి ఎవరూ బలవంతం చేయనక్కరలేదు. కాస్త హాయి చాలు. అనుబంధ చికిత్స అన్న మాటలో ఉన్న ప్రమాదమంతా ఆ జారుడులోనే ఉంది. గుండెకు పేస్‌మేకర్, ఒంటికి ఇన్సులిన్ పంపు ఉన్నవారికి అయస్కాంతాలు నేరుగానే హాని చేయగలవు. మిగిలినవారికి మాత్రం హాని ఇలా చల్లగా, చెప్పకుండా వస్తుంది.

మళ్ళీ సుశ్రుతుడి దగ్గరికి వెళ్తాను. 2002లో అమెరికాలో, మధుమేహం అంచున ఉన్న మూడు వేల మందికి పైగా జరిపిన పరీక్షలో, వారానికి 150 నిమిషాల నడక వంటి వ్యాయామమూ, మితాహారమూ, కాస్త బరువు తగ్గడమూ కలిస్తే జబ్బు రావడం 58 శాతం తగ్గింది. మందు బిళ్ళ వల్ల తగ్గింది 31 శాతమే. 2006లో చెన్నై వైద్యులు మన భారతీయులలో జరిపిన పరీక్షలోనూ జీవనశైలి మార్పు వల్ల 28.5 శాతం తగ్గింది. నూరు యోజనాలు నడవమన్న వైద్యుడికి అంకెలు ఇన్నాళ్ళకు దొరికాయి. నడకను కల్యాణమండపంలో ఎవరూ అమ్మరు. అందులో ఎవరికీ కమీషన్ లేదు.

ఆ మెత్తలు ఇప్పుడు నా బల్ల సొరుగులో ఉన్నాయి. గుండుసూదులు చెదరకుండా పెట్టుకోవడానికి వాడుతున్నాను. ఆ పని అవి చక్కగా చేస్తున్నాయి. మీ ఇంట్లో మధుమేహంతో ఉన్న పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ రాత్రి ఒకసారి వారి అరికాళ్ళు చూడండి. 'ఏమైనా నొప్పిగా ఉందా' అని అడిగి ఊరుకోకండి, వంగి చూడండి.